పోరాట కాలపు పాత పత్రికల సేకరణ: పల్నాడు, గుంటూరు ప్రాంతం

ఏ రోజుకారోజు చదివి పారేసే వార్తాపత్రికలను సంపాదించి, తేదీల వరుసలో పెట్టి, బైండు చేయించి, చదవగోరిన వారికి అందుబాటులో ఉంచే పనిని పాత పత్రికల సేకరణ అంటారు. ఇందులో యుద్ధం, తిరుగుబాటు, సత్యాగ్రహం నడిచిన రోజుల పత్రికలది ప్రత్యేక స్థానం. అలాంటి రోజుల్లో జనం వార్త కోసం ఎగబడతారు, కాబట్టి కొత్త పత్రికలు పుట్టుకొస్తాయి. ప్రభుత్వం వాటిమీద కన్నేస్తుంది, జామీను అడుగుతుంది, ప్రెస్సును మూయిస్తుంది. పైగా కాగితానికి కరువు. అందువల్ల ఎక్కువ పత్రికలు పుట్టిన కాలంలోనే ఎక్కువ పత్రికలు మాయమవుతాయి. ఇంగ్లండులో 1640ల అంతర్యుద్ధం నాటి వారపత్రికల విషయంలో జరిగింది ఇదే. తెలుగునాట 1914 నుంచి 1948 దాకా జరిగిందీ ఇదే. ఈ వ్యాసం ప్రధానంగా పల్నాడుకూ దానిని ఆనుకుని ఉన్న గుంటూరు, చీరాల ప్రాంతాలకూ సంబంధించినది. అయితే ఈ పనికి దారి చూపినవాడు లండన్ నగరపు పుస్తకాల వ్యాపారి ఒకడు. ముందు అతని సంగతి తెలుసుకోవాలి.

లండన్ వ్యాపారి పని

ఇంగ్లండులో 1620ల నుంచే విదేశీ యుద్ధాల వార్తలు చిన్న పత్రాలుగా అచ్చయి అమ్ముడయ్యేవి. స్వదేశ రాజకీయాలను అచ్చువేసే ధైర్యం మాత్రం ఎవరికీ ఉండేది కాదు. 1641లో స్టార్ ఛాంబర్ న్యాయస్థానం రద్దయింది, దానితో అచ్చుమీద ఉన్న పట్టు సడలింది. ఆ నవంబరులోనే పార్లమెంటు సంగతులతో వారపత్రిక బయటికొచ్చింది. మరుసటి ఏడు మొదటి చార్లెస్ రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం మొదలైంది. ఒక కాగితాన్ని రెండు మడతలు పెడితే ఎనిమిది పేజీలు వస్తాయి. వారానికొకసారి ఆ ఎనిమిది పేజీలు, ధర ఒక పెన్నీ. 1643 జనవరిలో రాజు పక్షాన ఆక్స్‌ఫర్డ్ నుంచి మెర్క్యూరియస్ ఆలికస్ వచ్చింది. దానికి బదులు చెప్పడానికి అదే ఏడు లండన్ నుంచి మెర్క్యూరియస్ బ్రిటానికస్ వచ్చింది. ఒకే పోరును ఒకరు గెలుపనీ ఇంకొకరు ఓటమనీ రాసుకునేవారు.

సెయింట్ పాల్ చర్చి ఆవరణలో పుస్తకాల దుకాణం నడిపిన జార్జ్ థామసన్ 1640 నుంచి 1661 దాకా చేతికందిన ప్రతి పత్రికనూ, కరపత్రాన్నీ, ఒంటి కాగితాన్నీ కొని దాచాడు. మొత్తం 22,000కు పైగా. అందులో వార్తాపత్రికల సంచికలే ఏడు వేలు దాటాయి. రెండు పక్షాల పత్రికలనూ కొన్నాడు. తనకు నచ్చనివాటినీ విడిచిపెట్టలేదు. వీటన్నిటికన్నా విలువైన పని ఇంకొకటి చేశాడు. కాగితం తన చేతికి వచ్చిన రోజును సిరాతో దానిమీదే వేశాడు. అచ్చులో ఏడు మాత్రమే ఉండి నెల, తేదీ లేని కరపత్రాలు వేలల్లో ఉన్నాయి. ఏ మాట ముందు వచ్చింది, ఏ మాటకు ఏది జవాబు అన్నది ఈనాటి చరిత్రకారుడు తేల్చగలుగుతున్నాడంటే అది ఆ సిరా తేదీల వల్లే.

సైన్యాలు నగరం మీదికి వస్తాయన్న భయంతో థామసన్ ఈ సేకరణను ఊళ్ళు తిప్పాడు. కొన్నాళ్ళు తన గిడ్డంగిలోనే కాన్వాసు గుడ్డ కప్పిన బల్లల్లాగా పేర్చి దాచాడు. 1647లో రాజే ఒక కరపత్రం కావాలని మనుషులను పంపి అరువు తెప్పించుకున్నాడు. వైట్ ద్వీపానికి పారిపోయే దారిలో దానిని బురదలో జారవిడిచాడు. అది తిరిగొచ్చాక ఆ మరక ఎలా అయిందో థామసన్ దానిలోనే రాసిపెట్టాడు. 1762లో మూడో జార్జి రాజు 300 పౌండ్లకు ఈ సంపుటాలను కొని బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చాడు. తరువాతి శతాబ్దపు పత్రికలను చార్లెస్ బర్నీ అనే పండితుడు ఇలాగే కూడబెట్టాడు. ఆయన మరణించాక 1818లో మ్యూజియం ఆయన గ్రంథాలయాన్ని మొత్తంగా 13,500 పౌండ్లకు కొన్నది. అందులో పత్రికల సంపుటాలే సుమారు 700.

రెండో ప్రపంచ యుద్ధం ఈ భాండాగారాన్నీ తాకింది. లండన్ శివారులోని కాలిండేల్ పత్రికా భవనం మీద 1940 అక్టోబరులో జర్మన్ బాంబు పడి 6,000 సంపుటాలు పూర్తిగా నాశనమయ్యాయి. మరో 15,000 దెబ్బతిన్నాయి. దేశానికంతటికీ ఒకే ప్రతి ఒకే చోట ఉంటే ఏమవుతుందో ఆ రాత్రి తేలిపోయింది.

తెలుగు పత్రికలు, యుద్ధాలు

తెలుగులో పత్రిక పుట్టింది యుద్ధం వల్ల కాదు, మతప్రచారం వల్ల. 1835లో బళ్ళారి నుంచి క్రైస్తవ మిషనరీల సత్యదూత, 1838లో మద్రాసు నుంచి వృత్తాంతిని, 1842లో వర్తమాన తరంగిణి వచ్చాయి. 1874లో రాజమండ్రిలో వీరేశలింగం వివేకవర్ధని సంఘసంస్కరణకు గొంతు ఇచ్చింది. ఇవి ముఖ్యమైనవే అయినా, సంక్షోభ కాలపు పత్రిక అనదగినది ఇరవయ్యో శతాబ్దంలోనే కనిపిస్తుంది.

1902 ఫిబ్రవరిలో కొండా వెంకటప్పయ్య, దాసు నారాయణరావు బందరు నుంచి కృష్ణాపత్రికను ప్రారంభించారు. 1907 నుంచి 1945 దాకా ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలో అది కృష్ణా, గుంటూరు జిల్లాల రాజకీయానికి పాఠశాల అయింది. 1908లో బెజవాడ నుంచి వెలువడిన స్వరాజ్య పత్రికలో రాసిన వ్యాసానికి గాడిచర్ల హరిసర్వోత్తమరావు మూడేళ్ళు వెల్లూరు జైలులో గడిపారు. స్వరాజ్య ఎక్కువ కాలం బతకలేదు. ఇలాంటి అల్పాయుష్షు పత్రికల సంచికలు సంపాదించడమే సేకర్తలకు అన్నిటికన్నా కష్టమైన పని. చందాదారులు కొద్దిమంది, పోలీసుల సోదాలు ఎక్కువ. ఇంట్లో ఉంచుకోవడమే నేరమన్న భయంతో పొయ్యిలో పెట్టినవాళ్ళు ఎందరో.

కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో వారపత్రికగా ప్రారంభించిన ఆంధ్రపత్రిక 1914 ఏప్రిల్ 1న మద్రాసులో దినపత్రిక అయింది. అప్పటికి యుద్ధం ఊసే లేదు. నాలుగు నెలల్లో ఐరోపాలో యుద్ధం మొదలైంది. సెప్టెంబరు 22 రాత్రి ఎండెన్ అనే జర్మన్ నౌక మద్రాసు రేవులోని చమురు ట్యాంకుల మీద గుండ్లు కురిపించింది. పుట్టి ఆరు నెలలైనా నిండని తెలుగు దినపత్రిక ఉన్న ఊరిమీదే యుద్ధం పడిందన్నమాట. తెలుగు పాఠకుడికి దినపత్రిక అలవాటైంది ఈ యుద్ధం నడిచిన నాలుగేళ్ళలోనే. అందుకే ఆంధ్రపత్రిక 1914–18 ఫైళ్ళు తెలుగులో దినవార్త ఎలా తయారైందో చూపే మొదటి సాక్ష్యం. వాక్యం ఎంత పొడుగుండాలి, విదేశీ ఊరిపేర్లు తెలుగులో ఎలా రాయాలి, తంతివార్తను ఎక్కడ వేయాలి అన్నవన్నీ ఆ పేజీల్లో రోజురోజుకూ కుదురుకోవడం చూడవచ్చు.

రెండో యుద్ధం నాటికి రంగం మారింది. 1938 ఆగస్టు 15న మద్రాసులో ఆంధ్రప్రభ వచ్చింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. ఆగస్టులో క్విట్ ఇండియా మొదలైంది. ఆగస్టు 12న తెనాలిలో జనం రైల్వేస్టేషన్‌ను తగలబెట్టారు, పోలీసు కాల్పుల్లో ఏడుగురు మరణించారు. ఉద్యమ కార్యక్రమాన్ని కళా వెంకటరావు రహస్య పత్రంగా పంపారు. అది కర్నూలు సర్క్యులర్ పేరుతో చరిత్రలో నిలిచింది. సెన్సారు ఉన్న రోజుల్లో అసలు వార్త పత్రికలో కంటే ఇలాంటి ఒంటి కాగితాల్లో, సైక్లోస్టైలు ప్రతుల్లో ఎక్కువగా నడుస్తుంది. థామసన్ కరపత్రాన్నీ పత్రికనూ ఒకే సంపుటిలో తేదీ వరుసన కట్టించడంలో ఉన్న తెలివి అదే. మన గ్రంథాలయాలు చాలావరకు పత్రికను మాత్రమే బైండు చేయించి కరపత్రాన్ని వదిలేశాయి. ఈ లోటు పూడ్చడం ఇప్పుడు కష్టం.

కమ్యూనిస్టుల ప్రజాశక్తి 1942లో వారపత్రికగా మొదలై 1945లో బెజవాడ నుంచి దినపత్రికై, 1948లో నిషేధానికి గురైంది. కృష్ణానది అవతల నిజాం రాజ్యంలో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక 1926 మే నుంచి నడిచింది. మాచర్ల, గురజాల ప్రాంతాలకు నది ఆవలి ఒడ్డు నల్లగొండ జిల్లా. అందుకే 1947–48 నాటి రజాకార్ల కాలం చదవాలంటే ఇవతలి పత్రికలూ అవతలి పత్రికలూ పక్కపక్కన పెట్టుకోక తప్పదు.

పుల్లరి ఉద్యమం: వరుస ఫైలు విలువ

పల్నాటి యుద్ధం వార్తలను వీరవిద్యావంతులు పాడి నిలిపారు. కారంపూడిలో వీరారాధన నేటికీ సాగుతోంది. పాటకు తేదీలు అక్కర్లేదు. పుల్లరి సత్యాగ్రహం మాత్రం అచ్చు యుగంలో జరిగిన పోరాటం. దాని చరిత్ర రాయాలంటే ఏ రోజు ఏం జరిగిందో కావాలి.

1921లో పల్నాడు గుంటూరు జిల్లాలో ఒక తాలూకా. అడవిలో పశువులను మేపుకున్నందుకు కట్టవలసిన పన్ను పుల్లరి. వరస కరువులతో, అటవీశాఖ ఆంక్షలతో విసిగిన రైతులు సహాయ నిరాకరణ ఊపులో పుల్లరి కట్టడం మానేశారు. అధికారులకు సరుకులు అమ్మడం, పనులు చేసిపెట్టడం కూడా ఆపేశారు. సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడులో పుట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణ ఈ ఉద్యమానికి అండగా వచ్చి అరెస్టయ్యారు. తరువాత రాయవెల్లూరు జైలులో ఆయన రాసిన మాలపల్లి నవలను కూడా ప్రభుత్వం నిషేధించింది. మించాలపాడుకు చెందిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో మరణించాడు.

అదే ఫిబ్రవరిలో ఇంకా ఏమేం జరిగాయో చూడాలి. 4న చౌరీచౌరా. 12న బార్డోలీలో సత్యాగ్రహం నిలిపివేత నిర్ణయం. గుంటూరు జిల్లాలోనే పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన పెదనందిపాడు పన్నుల నిరాకరణ ఉద్యమం ముగింపుకు వచ్చింది. దేశమంతటా ఉద్యమం ఆగిపోతున్న రోజుల్లో పల్నాటి అడవి అంచున తుపాకులు పేలాయి. బార్డోలీ మాట గుంటూరుకు ఎప్పుడు చేరింది, గుంటూరు నుంచి ఊళ్ళకు ఎన్నాళ్ళకు చేరింది అన్న ప్రశ్న ఇక్కడ చాలా పెద్దది. మాచర్లకు అప్పటికి రైలు లేదు. గుంటూరు–మాచర్ల మీటరు గేజి లైను 1930 ప్రాంతంలోగాని రాలేదు. టపా నడిచే దారుల్లో మద్రాసు పత్రిక పల్నాటి పల్లె చేరడానికి పట్టే రోజులు కూడా ఈ చరిత్రలో భాగమే.

ఇలాంటి ప్రశ్నకు ఒక్క సంచిక జవాబు చెప్పదు. కాల్పుల వార్త ఉన్న పేజీ దొరికితే సంతోషమే. కానీ దానికి ముందు మూడు వారాల పేజీలూ, తరువాతి మూడు వారాల పేజీలూ ఉంటేనే ఆ వార్తకు అర్థం వస్తుంది. గ్రామం నుంచి వచ్చిన ఉత్తరం, ప్రభుత్వ ఖండన, ఆ ఖండనకు సంపాదకుడి సమాధానం, నడుమ పత్తి ధరలు, తలనొప్పి మందు ప్రకటన అన్నీ వరుసలో కావాలి. వెల కట్టేటప్పుడు వ్యాపారులు ప్రసిద్ధ తేదీల సంచికలకే ఎక్కువ ధర చెబుతారు. చరిత్రకు పనికొచ్చే లెక్క వేరు. పేరుపొందిన ఒక్క సంచిక కంటే ఎవరికీ పట్టని ఒక ఏడాది పూర్తి ఫైలు విలువైనది.

పత్రికలు పోయినచోట ఇంకో దారి ఉంది. మద్రాసు ప్రభుత్వం దేశభాషా పత్రికలను చదివించి, ముఖ్యాంశాలను ఇంగ్లీషులోకి సంగ్రహించి వారంవారం రహస్య నివేదికలుగా అచ్చువేయించేది. ఇవి చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లోనూ లండన్ బ్రిటిష్ లైబ్రరీలోనూ ఉన్నాయి. ఒక్క సంచికైనా దొరకని పత్రికల ఉనికి కొన్నిసార్లు వీటివల్లే తెలుస్తుంది. అయితే అవి ప్రభుత్వం కంటికి ప్రమాదమనిపించిన మాటల సంగ్రహాలు మాత్రమే. సంపాదకుడి తెలుగు అందులో ఉండదు, ప్రకటనలు ఉండవు, ఊరి ఉత్తరాలు ఉండవు. పత్రికకు అవి ప్రత్యామ్నాయం కావు.

నిలబెట్టిన చోట్లు

ఈ ప్రాంతంలో పాత పత్రికలు మిగలడానికి ప్రధాన కారణం గ్రంథాలయోద్యమం. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. ఊరూరా పఠన మందిరాలు లేచాయి. ఒకరు పైకి చదువుతుంటే పదిమంది వినే అలవాటు వాటివల్ల స్థిరపడింది. చదవడం అయ్యాక పత్రికను పారేయకుండా దొంతర పెట్టి ఏడాది చివర బైండు చేయించిన చోట ఫైళ్ళు మిగిలాయి, లేనిచోట పోయాయి. ఆ బైండింగు ఖర్చు భరించిన గ్రామ పెద్దలకు తెలుగు చరిత్ర రుణపడి ఉంది.

వీటిలో మేటి వేటపాలెం సారస్వత నికేతనం. చీరాల పక్కన, ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉంది. ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి పూనికతో 1918లో హిందూ యువజన సంఘం గ్రంథాలయంగా మొదలైంది. 1929లో గాంధీజీ భవనానికి శంకుస్థాపన చేశారు. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక, భారతి వంటి పత్రికల పాత సంపుటాల కోసం దేశదేశాల పరిశోధకులు ఈ చేనేత ఊరికి వస్తారు. విశ్వవిద్యాలయాలు చేయవలసిన పనిని ఒక ఊరి యువకుల సంఘం మొదలుపెట్టి నూరేళ్ళకు పైగా నడిపింది.

ఆ కాలపు దినపత్రిక సంపుటం ఒకటి బల్లమీద పెట్టి తెరిస్తే సేకరణ అంటే ఏమిటో కళ్ళకు కడుతుంది. అట్ట గట్టిదే, వీపున తోలో కాలికో గుడ్డో ఉంటుంది. లోపలి కాగితం అంచుల్లో ముదురు గోధుమ రంగు, నడుమకు వచ్చేకొద్దీ పసుపు. పత్రికను టపాలో పంపడానికి మడిచిన గీత దగ్గరే ముందుగా చీలిక వస్తుంది. ఆ గీత మీద పడిన వరుసలో అక్షరాలు ఎగిరిపోయి ఉంటాయి. పేజీని మూల పట్టి తిప్పితే మూల చేతిలోకి వస్తుంది, కాబట్టి కింద అరచేయి ఆనించి తిప్పాలి. బైండరు అంచులు సమం చేయడానికి కత్తి వేసినప్పుడు తేదీ ఉన్న పైవరుస కాస్త తెగిపోయిన సంపుటాలూ ఉన్నాయి. చదివి లేచేసరికి బల్లమీద నూకల్లా కాగితం పొడి మిగులుతుంది. ఆ సంపుటం తెరిచిన ప్రతిసారీ కొంత తరిగిపోతోంది.

గుంటూరులో లంకా సూర్యనారాయణ జీవితకాలం కూడబెట్టిన పుస్తకాలతో ఏర్పడిన అన్నమయ్య గ్రంథాలయం వ్యక్తి సేకరణ ఊరి ఆస్తి కావడానికి మంచి ఉదాహరణ. బెజవాడ రామమోహన గ్రంథాలయం 1911 నాటిది. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదులో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, సుందరయ్య విజ్ఞాన కేంద్రం తెలుగు పత్రికలకు ఇతర ముఖ్య స్థానాలు. పల్నాడు జిల్లాలో సత్తెనపల్లికి చెందిన వావిలాల గోపాలకృష్ణయ్య స్వాతంత్ర్యోద్యమంతోపాటు గ్రంథాలయోద్యమాన్నీ భుజాన వేసుకున్నారు.

వ్యక్తుల్లో నెల్లూరుకు చెందిన బంగోరె (బండి గోపాలరెడ్డి) పేరు ప్రత్యేకంగా చెప్పాలి. పాత కాగితాల దొంతరల్లో ఏళ్ళకేళ్ళు గడిపి, 1897 నాటి తొలి కన్యాశుల్కం ప్రతిని వెలికితీసి 1969లో మళ్ళీ అచ్చువేయించారు. పత్రికలైనా పుస్తకాలైనా తొలి ప్రతి చూడందే మాట్లాడకూడదన్న పట్టుదల ఆయనది. పత్రికల చరిత్రను గుంటూరు జిల్లా పొత్తూరుకు చెందిన పాత్రికేయుడు పొత్తూరి వెంకటేశ్వరరావు గ్రంథస్థం చేశారు. 1996లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికల ఫైళ్ళను స్కాన్ చేయించి ఇంటర్నెట్లో పెట్టింది. ఒకప్పుడు వేటపాలెం రైలెక్కి పోవలసిన పనిని ఇంట్లో కూర్చుని చేసుకునే వీలు దీనివల్ల కలిగింది. తెలుగు చరిత్ర రచనకు ఇటీవల జరిగిన గొప్ప మేళ్ళలో ఇదొకటి.

కాగితం, ఎండ, పురుగు

థామసన్ దాచిన 1640ల పత్రికలు ఈనాటికీ మడిస్తే మడత పడతాయి. 1940ల తెలుగు పత్రిక మడిస్తే విరుగుతుంది. మూడు వందల ఏళ్ళు పెద్దదైన కాగితమే దృఢంగా ఉండడానికి కారణం దాని పుట్టుక. ఆనాటి కాగితం నార గుడ్డపీలికలతో చేతితో చేసినది. పందొమ్మిదో శతాబ్దం చివరినుంచి పత్రికల కాగితం కలపను యంత్రంతో నూరిన గుజ్జుతో తయారవుతోంది. కలపలోని లిగ్నిన్ అనే పదార్థం గాలికీ వెలుతురుకూ పసుపెక్కుతుంది. తయారీలో మిగిలిన ఆమ్లం పోగులను లోలోపలే తెంపుతుంది. 1950లలో నేపానగర్ మిల్లు ఉత్పత్తి మొదలయ్యేదాకా పత్రికల కాగితమంతా ఓడల్లో రావలసిందే. యుద్ధం రోజుల్లో ఓడలు రాక పేజీలు తగ్గాయి, దొరికిన కాగితాన్నే వాడారు. సంక్షోభ కాలపు సంచికలు మిగతావాటికంటే త్వరగా పొడి కావడం వెనుక ఈ కారణమూ ఉంది.

పల్నాడు వాతావరణం పత్రికకు శత్రువు. రాష్ట్రంలోకెల్లా ఎండ మండే ఊళ్ళలో రెంటచింతల ఒకటి. వేసవిలో 45 డిగ్రీలు దాటే పొడి వేడిలో కాగితంలోని కొద్ది తేమ కూడా ఆరిపోయి పెళుసెక్కుతుంది. వానాకాలం రాగానే తేమ పీల్చి బూజు పడుతుంది. నేలకానించిన బీరువాకు చెదలు ఎక్కుతాయి. బ్రిటిష్ లైబ్రరీ ఇప్పుడు తన పత్రికలను బోస్టన్ స్పా భవనంలో 14 డిగ్రీల చల్లదనంలో, 55 శాతం తేమలో, ఆక్సిజన్ తగ్గించిన గాలిలో ఉంచుతోంది. మన ఊరి గ్రంథాలయానికి అది అందని మాట. చేయగలిగినవీ ఉన్నాయి. బీరువాను గోడకు ఎడంగా, నేలకు జానెడు ఎత్తున ఉంచడం. ఎండ సూటిగా పడని గది ఎంచుకోవడం. సంపుటాలను నిలబెట్టకుండా పడుకోబెట్టడం. చిరిగిన పేజీకి ప్లాస్టిక్ టేపు అంటించకపోవడం. టేపు జిగురు కొన్నేళ్ళలో కాగితంలోకి ఇంకి అక్షరాలను మింగేస్తుంది. నష్టాల్లోకెల్లా అనవసరమైన నష్టం ఇది. బాగు చేయాలనుకున్న చేతే దీనిని చేస్తుంది కాబట్టి.

గుర్తించడం, తేదీ కట్టడం

సేకర్త చేతికి పత్రిక చాలాసార్లు ముక్కలుగానే వస్తుంది. పేరున్న పైభాగం పోయి లోపలి పేజీలు మిగులుతాయి. అప్పుడు తెలుగు పత్రికకు ఒక సౌకర్యం ఉంది. ఆనాటి పత్రికలు ఇంగ్లీషు తేదీతోపాటు తెలుగు సంవత్సరం పేరు, మాసం, తిథి వేసేవి. దుర్మతి అని కనిపిస్తే అది 1861–62 గాని, 1921–22 గాని, 1981–82 గాని అయి ఉండాలి. అచ్చు తీరు, వార్త చూసి అందులో ఏదో తేల్చడం కష్టం కాదు. హనుమంతు మరణించిన 1922 ఫిబ్రవరి దుర్మతి మాఘంలో పడుతుంది. ఉగాది మార్చిలోనో ఏప్రిల్‌లోనో వస్తుంది కాబట్టి జనవరి, ఫిబ్రవరి సంచికలకు పాత సంవత్సరం పేరే ఉంటుంది. ఇది మరిస్తే లెక్క ఏడాది తప్పుతుంది. సంపుటం, సంచిక అంకెలు ఉంటే ఇంకా సులువు.

నకళ్ళ విషయంలో జాగ్రత్త అవసరం. లండన్ టైమ్స్ ట్రఫాల్గర్ యుద్ధవార్త వేసిన 1805 నవంబరు 7 సంచికను తరువాతి కాలంలో ఎన్నోసార్లు మళ్ళీ అచ్చువేశారు. అసలుదనుకుని ఇళ్ళలో దాచుకున్నవాటిలో ఎక్కువ భాగం ఆ పునర్ముద్రణలే. మన దగ్గర 1947 ఆగస్టు 15 నాటి మొదటి పేజీల నకళ్ళు అలాగే తిరుగుతాయి. ఒక్క మొదటి పేజీయే ఉండి వెనక ఖాళీగా ఉన్నా, కాగితం తెల్లగా ఉన్నా అనుమానించాలి.

కొనుగోలుకు హైదరాబాదు ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్‌లు, విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులు పేరున్నవి. పల్నాడులో అయితే అసలు నిధి ఇళ్ళలోనే ఉంటుంది. స్వాతంత్ర్య సమరంలో జైలుకు వెళ్ళినవారి పెట్టెలు, పాత కరణాల కాగితాల మూటలు, బడిపంతుళ్ళ అటకలు, మూతబడిన పఠన మందిరాల బీరువాలు వెతకాలి. ఆంధ్రపత్రిక ఉగాది సంచికలు ఇళ్ళలో ఎక్కువగా మిగిలాయి. బొమ్మలూ పద్యాలూ ఉన్నాయని జనం వాటిని దాచుకున్నారు. రోజువారీ సంచికలు పొట్లాలకూ, అటకమీద పరవడానికీ పోయాయి. ట్రంకు పెట్టె అడుగున పరిచిన కాగితాన్ని కూడా తీసి చూడాలి. దొరికిన ప్రతి కాగితానికీ ఎవరి ఇంట, ఏ ఊళ్ళో, ఎప్పుడు దొరికిందో పెన్సిలుతో ఒక చీటీ రాసి జతచేయాలి. ఆ చీటీ లేకపోతే పల్నాటి ఇంటికి వచ్చిన పత్రికకూ మద్రాసు వీధిలో అమ్మిన పత్రికకూ తేడా చెరిగిపోతుంది.

కత్తిరింపులు వద్దు. మన పెద్దలు తమ పేరు వచ్చిన ముక్కనో, గాంధీగారి బొమ్మనో కత్తిరించి ఆల్బంలో అంటించుకునేవారు. ప్రేమతో చేసిన పనే అయినా ఆ ముక్క వెనక పేజీలో ఏముందో దానితో పోయింది.

పల్నాడు 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా జిల్లా అయింది. ఈ జిల్లా ఊళ్ళకు సంబంధించిన పాత పత్రికలన్నిటినీ ఒకచోట చేర్చిన పట్టిక ముందు కావాలి. ఏ పత్రిక, ఏ సంవత్సరం ఫైలు, ఎక్కడ ఉంది అన్న మూడు వివరాలుంటే చాలు. పెద్ద ఖర్చు అక్కర్లేని ఈ పనిని నరసరావుపేట, మాచర్ల, గురజాల కళాశాలల చరిత్ర, తెలుగు శాఖలు విద్యార్థులతో ఒక విద్యాసంవత్సరంలో మొదలుపెట్టవచ్చు. మీ ఇంట్లో 1948కి ముందటి పత్రిక ఒక్క కాగితమైనా ఉంటే పాత పేపర్ల బండికి వేయకండి. విప్పి, రెండు వైపులా సెల్‌ఫోనుతో ఫోటో తీసి, అసలు ప్రతిని వేటపాలెం, గుంటూరు వంటి చోట్ల పత్రికలు భద్రపరిచే గ్రంథాలయానికి మీ ఊరి పేరు రాసిన చీటీతో సహా అప్పగించండి.